ఊదా పూలు తెల్లారగట్ల చూడాల్సిందే: మొక్క ఎంచుకోవడం దగ్గర్నుంచి ఫొటో తీసేదాకా

డిసెంబరు పూలని ఒకసారి పొద్దున ఆరుంబావుకి చూడండి, మళ్ళీ అదే చెట్టు దగ్గరికి పదకొండింటికి వెళ్ళండి. రెండూ ఒకే పువ్వంటే నమ్మబుద్ధి కాదు. పొద్దున నేరేడుపండు కొరికితే నాలుక మీద పడే రంగులా నిండుగా ఉంటుంది, పదకొండయ్యేసరికి నాలుగు ఉతుకులకి వెలిసిపోయిన చీరలాగా అయిపోతుంది, రేకులు మెత్తబడి అంచులు ముడుచుకుంటాయి. మాది విజయవాడ, మేడ మీద ఎనిమిదేళ్ళుగా మొక్కలు పెంచుతున్నా, మొదటి మూడేళ్ళు ఊదా పూల కుండీలన్నీ పడమటి గోడకి పెట్టి, కాఫీ తాగి ఎనిమిదింటికి పైకెళ్ళి చూసేవాణ్ణి, అందరూ అంత ఇదిగా చెప్తారు నాకెందుకు ఇలా పాలిపోయి కనిపిస్తున్నాయా అనుకునేవాణ్ణి.

తర్వాత అర్థమైంది, వంగపువ్వు రంగు పూలకి రోజు మొత్తంలో గంట కన్నా తక్కువ టైం ఉంటుంది. సూర్యోదయానికి ఓ 20 నిమిషాల ముందు మొదలై, పొద్దెక్కిన అరగంట దాకా. తోటని ఆ టైం కోసమే సర్దుకోవాలి. ఎలాగో మొత్తం రాస్తున్నా, కొంచెం పెద్దదే, తీరిగ్గా చదవండి.

ముందు ఆ రంగు ఎలా పనిచేస్తుందో తెలుసుకోండి

ఇది తెలిస్తే మిగతాదంతా సులువు. ఊదా పువ్వు నీలం వెలుగునీ ఎరుపు వెలుగునీ రెండిటినీ వెనక్కి పంపిస్తుంది, మధ్యలో ఉండే పసుపు, ఆకుపచ్చ వెలుగుని మింగేస్తుంది. అంటే దీని రంగు రెండు కొసల మీద ఆధారపడి ఉంటుంది, వచ్చే వెలుగులో ఏ కొస ఎక్కువైతే పువ్వు అటు వాలుతుంది. సూర్యుడు ఇంకా రాకముందు ఆకాశం నుంచి వచ్చేదంతా నీలం వెలుగే కాబట్టి పువ్వు నీలంగా, చల్లగా కనిపిస్తుంది. సూర్యుడు అంచు మీదకి రాగానే ఎర్రటి, పసుపు వెలుగు అడ్డంగా వచ్చి పడుతుంది, అదే పువ్వు గులాబీ వైపు తిరుగుతుంది. ఈ రెండిటికీ మధ్య ఓ పది నిమిషాలు ఉంటాయి చూడండి, పైనుంచి నీలం, పక్కనుంచి ఎరుపు కలిసి పడే టైం, అప్పుడు కనిపించేదే అసలు ఊదా. ఎండ ముదిరాక తెల్లటి వెలుగు రేకు మీద మెరుపు కొడుతుంది, ఆ మెరుపు కింద రంగు చచ్చిపోతుంది.

ఇంకోటి మన కంటి సంగతి. మసక వెలుగులో మన కన్ను ఎరుపుని సరిగ్గా పట్టుకోలేదు, నీలం, ఆకుపచ్చ వైపు బాగా చూస్తుంది. చెక్ దేశపు శాస్త్రవేత్త పుర్కింజే 1819లో తెల్లవారుజామున నడుస్తూ పూలని చూసి ఇది గమనించాడు, అందుకే దీనికి ఆయన పేరే పెట్టారు. మీరు రేపే చూడొచ్చు. ఎర్ర మందారం కుండీ పక్కనే డిసెంబరు పూల కుండీ పెట్టి, ఇంకా మసకగా ఉండగానే పైకి వెళ్ళండి. మందారం నల్లగా, ఉందా లేదా అన్నట్టు ఉంటుంది, డిసెంబరాలు మాత్రం ఆకుల్లోంచి పైకి తేలి కనిపిస్తాయి. ఎండొచ్చాక మొత్తం తలకిందులు, మందారమే కంటికి కొడుతుంది.

ఏ మొక్కలు పెట్టాలి

మన ఎండలకి తట్టుకునేవే చెప్తా. లావెండర్ కుండీ నర్సరీలో చూసి మనసు పారేసుకుని కొనకండి, మన కోస్తా ఉక్కకి, వానలకి దాని వేర్లు కుళ్ళిపోతాయి, నేను రెండుసార్లు తెచ్చి రెండుసార్లూ పోగొట్టుకున్నా.

డిసెంబరు పూలు: నా ఓటు మొదట దీనికే. నవంబరు నుంచి జనవరి దాకా పూస్తుంది, సరిగ్గా మనకి పొద్దున్నే మంచు పడే రోజుల్లో. వాసన ఉండదు, రేకు ఉల్లిపొర అంత పల్చగా ఉంటుంది, ఆ పల్చదనం వల్లే వెలుగు దాని గుండా దూరి వస్తుంది. సగం నీడలో కూడా పూస్తుంది.

శంఖుపూలు: దాదాపు ఏడాదంతా. మామూలు ముదురు రకం నీలానికీ ఊదాకీ మధ్యలో ఉంటుంది, మసక వెలుగులో దీన్ని మించిన పువ్వు లేదు. లేత ఊదా రకం కూడా దొరుకుతుంది. రోజుకి కనీసం ఆరు గంటల ఎండ కావాలి.

మార్నింగ్ గ్లోరీ: పేరులోనే ఉంది. ఇది చీకటి పడ్డాక సుమారు 10 గంటలకి విచ్చుకుంటుంది, అంటే అక్టోబరులో మనం నిద్రలేచేసరికే విచ్చి ఉంటుంది, మధ్యాహ్నానికి వాడిపోతుంది. దీని గురించి కింద ఇంకా చెప్తా. గింజలు మాత్రం విషం, చిన్నపిల్లలు ఉంటే కాయలు ఎండకముందే కోసి పారెయ్యండి.

ఇవి కాక కూరగాయ మొక్కల్ని మర్చిపోవద్దు. వంకాయ పువ్వు, ఊదా చిక్కుడు పువ్వు ఎవరూ లెక్కలోకి తీసుకోరు కానీ మంచు పడ్డ పొద్దున వంగపువ్వుని దగ్గరగా చూడండి, ముడతలు పడ్డ ఊదా రేకు మధ్యలో పచ్చటి కేసరాల గుత్తి, పొలం గట్టు మీద ఇంత అందం పెట్టుకుని మనం నర్సరీల చుట్టూ తిరుగుతాం. బొగడబంతి, రాఖీ పువ్వు తీగ, కృష్ణతులసి వెన్నులు, ఇవి కూడా సందు దొరికిన చోట పెట్టండి. కాగితం పూలు ఊదాలో ఉంటాయి గానీ అవి ఏ టైంలో అయినా ఒకేలా ఉంటాయి, ఈ పనికి అంత అక్కర్లేదు. నల్ల ఉమ్మెత్త చాలా అందంగా పూస్తుంది, కానీ మొక్క మొత్తం విషమే, ఇంట్లో పిల్లలు, కుక్కలు ఉంటే నేనైతే వద్దంటా.

ఎక్కడ పెట్టాలి

ఇక్కడే అసలు పని ఉంది. పూలు మీకూ తూర్పుకీ మధ్యలో ఉండాలి. అంటే మీరు ఎక్కడ నిలబడి చూస్తారో, ఎక్కడ కుర్చీ వేసుకుంటారో ముందు అది తేల్చుకోండి, దాని తర్వాతే కుండీలు. నేను తూర్పు పిట్టగోడ వెంట కుండీలు పెట్టి, ఏడెనిమిది అడుగుల దూరంలో పడమటి వైపు కూర్చుంటా. పొద్దు రాకముందు ఆకాశం వెలుగు పూల మీద పైనుంచి పడుతుంది, పొద్దు వచ్చాక వెనకనుంచి రేకుల్లోంచి దూరి నా వైపు వస్తుంది. పడమటి గోడకి ఆనించి పెడితే ఎండ ఎదురుగా వచ్చి కొడుతుంది, రేకు చదునుగా, రంగు పాలిపోయి కనిపిస్తుంది, నా మూడేళ్ళు పోయింది అందుకే.

తీగలు కంటి ఎత్తులో పూసేలా కట్టండి. పిట్టగోడ మీద నాలుగడుగుల ఎత్తున జనపనార తాళ్ళు లాగితే చాలు, ఇనుప తీగ వద్దు, మే నెలలో అది కాలిపోయి లేత కొసలు మాడతాయి. వెనక ఏముందో కూడా చూసుకోండి. ముదురు ఆకుపచ్చ వెనకుంటే ఊదా లేస్తుంది, తెల్ల సున్నం గోడ ఉంటే ఆ తెలుపే కన్ను లాగేస్తుంది. పక్కన ఒకటో రెండో పచ్చ పూలు ఉండాలి, బంతి కానీ గుమ్మడి కానీ. ధనుర్మాసంలో గొబ్బెమ్మ మీద గుమ్మడిపువ్వు గుచ్చి చుట్టూ డిసెంబరాలు పెడతారు కదా, ఆ పక్కపక్కన పెట్టడంలోనే ఉంది రహస్యమంతా, పసుపు పక్కన ఊదా రెండింతలు కనిపిస్తుంది.

వీధి దీపం సంగతి చాలామందికి తెలీదు. మార్నింగ్ గ్లోరీలో చాలా రకాలు రాత్రి పొడుగ్గా ఉంటేనే మొగ్గ వేస్తాయి, రాత్రంతా మీద లైటు పడుతుంటే ఆకులే ఆకులు, పువ్వు ఉండదు. మా మేడ మీద ఒకే రోజు వేసిన రెండు తీగల్లో వీధి వైపుది దసరా దాటినా ఒక్క మొగ్గ కూడా వెయ్యలేదు, నీళ్ళ ట్యాంకు చాటున ఉన్నది మాత్రం రోజూ పదీ పదిహేను పూసింది. కుండీ మార్చి ట్యాంకు చాటుకి తెచ్చాక మూడు వారాలకి మొగ్గలు కనిపించాయి. కాబట్టి రాత్రి తొమ్మిదింటికి ఒకసారి పైకెళ్ళి ఏ మూల చీకటిగా ఉందో చూసుకుని అక్కడ పెట్టండి.

పెంచడం

మట్టి గురించి ఎక్కువ చెప్పను, సగం ఎర్రమట్టి, పావు వంతు బాగా చివికిన పశువుల ఎరువు, పావు వంతు కొబ్బరిపొట్టు, అడుగున నీళ్ళు దిగే కన్నం, 12 అంగుళాల కుండీ, చాలు.

శంఖుపూల గింజ పెంకు గట్టిది. గరుకు కాగితం మీద ఒక పక్క కొంచెం రుద్ది, గోరువెచ్చటి నీళ్ళలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున చూస్తే కొన్ని ఉబ్బి ఉంటాయి, అవే అర అంగుళం లోతులో వెయ్యండి. ఉబ్బనివి మళ్ళీ రుద్ది మళ్ళీ నానబెట్టండి, పారెయ్యొద్దు. వారం పది రోజుల్లో మొలక, నెలన్నర రెండు నెలల్లో పూత. ఇది చిక్కుడు జాతి, గాల్లో నత్రజని తనే వేర్లలో కట్టుకుంటుంది, యూరియా లాంటివి వేశారంటే ఆకులు పెరిగి పూలు తగ్గుతాయి. మార్నింగ్ గ్లోరీకి కూడా ఇదే నానబెట్టే పద్ధతి, ఆషాఢం వానలకి వేస్తే దసరా, దీపావళి టైంకి పూతకొస్తుంది.

డిసెంబరు పూలకి గింజలతో పని లేదు, వానాకాలంలో ఎవరింట్లో అయినా అడిగి జానెడు కొమ్మ తెచ్చుకోండి, కింది ఆకులు తీసేసి రెండు కణుపులు మట్టిలోకి పోయేలా గుచ్చితే చాలు. శ్రావణం, భాద్రపదంలో కొసలు గిల్లుతూ ఉంటే గుబురుగా వస్తుంది. దసరా తర్వాత మాత్రం గిల్లొద్దు, మొగ్గలు పోతాయి. పూత అయిపోయాక ఫిబ్రవరిలో అడుగు ఎత్తుకి కత్తిరించెయ్యండి, చూడ్డానికి బాధేస్తుంది కానీ వచ్చే ఏడాది పూలన్నీ ఆ కొత్త కొమ్మలకే వస్తాయి. రోహిణి కార్తెలో ఆకుపచ్చ షేడ్ నెట్ కప్పండి.

నీళ్ళు మొక్క మొదట్లోనే పొయ్యండి, ఆకుల మీద కొట్టొద్దు, రాత్రంతా ఆకులు తడిగా ఉంటే ఆకుమచ్చ తెగులు పట్టుకుంటుంది. పిండినల్లి వస్తే లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపి కొట్టండి, అది కూడా సాయంత్రం పూట, పొద్దున కొడితే తేనెటీగలకి తగులుతుంది.

ఇక చూసే రోజు

ముందు రోజు సాయంత్రం సూర్యోదయం టైం చూసుకోండి. డిసెంబరు చివర్లో మా విజయవాడలో 6:30 దాటాక, హైదరాబాదులో 6:40 ప్రాంతంలో, విశాఖలో అయితే హైదరాబాదు కన్నా ఓ 20 నిమిషాలు ముందే. మబ్బు లేకుండా, గాలి లేకుండా ఉన్న రాత్రి అయితే మంచు బాగా పడుతుంది, ఎందుకంటే ఆకులు తమ వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేసి చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడతాయి, అప్పుడు గాల్లో తేమ వాటి మీద చుక్కలు కడుతుంది. మబ్బు ఉంటే ఆ వేడి బయటికి పోదు. సాయంత్రం ఆకాశం శుభ్రంగా ఉంటే అలారం పెట్టుకోవచ్చు.

సూర్యోదయానికి అరగంట ముందే పైకి వెళ్ళండి, మేడ మీద లైటు వెయ్యొద్దు, ఫొటోలు తీసే రోజు తప్ప ఫోన్ కూడా తియ్యొద్దు. ఒక్కసారి తెల్లటి తెర చూశారంటే కన్ను మళ్ళీ చీకటికి అలవాటు పడ్డానికి చాలాసేపు పడుతుంది. కూర్చోండి అంతే. మొదట పూలు కనపడవు, ఆకుల్లో బూడిదరంగు మచ్చల్లాగా ఉంటాయి. కాసేపటికి ఆ మచ్చలు నీలం అవుతాయి, శంఖుపూలు ముందు, తర్వాత డిసెంబరాలు. తూర్పున కొంచెం ఎరుపు రాగానే చూడండి, రేకు అంచుల్లో మొదలవుతుంది మార్పు, నీలంలోకి ఎవరో కుంకుమ కలిపినట్టు.

ఆ టైంలో ఒక్క పువ్వు పట్టుకుని చూడండి, తోటంతా ఒకేసారి చూడకండి. పోయిన మార్గశిరంలో నేను ఒక డిసెంబరు పువ్వు ముందు కూర్చుంటే, గొట్టంలాంటి గొంతు దగ్గర రంగు ముదురుగా, రేకుల కొసలకి వచ్చేసరికి పల్చగా, కింది రేకు మీద ఆవగింజంత మంచు చుక్క, ఆ చుక్కలో తూర్పు ఆకాశం తలకిందులుగా ఉంది. ఒక చిన్న ఎర్రచీమ గొంతులోంచి బయటికొచ్చి ఆ చుక్క దగ్గర ఆగి, మీసాలు ఆనించి, చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది. ఎండ దాని మీద పడగానే చుక్క జారి పోయింది, అక్కడ రేకు మీద తడి మరక మాత్రం ముదురు ఊదాగా ఓ రెండు నిమిషాలు ఉంది.

మార్నింగ్ గ్లోరీ విచ్చుకోవడం చూడాలంటే మాత్రం నాలుగింటికే లేవాలి. ముందు రోజు సాయంత్రం తీగ వెతకండి, రేపు విచ్చే మొగ్గ గొడుగు మడిచి మెలిపెట్టినట్టు పొడుగ్గా, కొస దగ్గర రంగు తేలి ఉంటుంది. దానికి ఒక దారం కట్టి గుర్తు పెట్టుకోండి. నీలం రకాల్లో ఇంకో వింత ఉంది, మొగ్గ ఎర్రటి ఊదాలో ఉంటుంది, విచ్చేకొద్దీ నీలం అవుతుంది. రంగు పదార్థం అదే, విచ్చుకునేటప్పుడు రేకు కణాల్లో రసం పీహెచ్ (పులుపు తగ్గేకొద్దీ పెరిగే కొలత) సుమారు 6.6 నుంచి 7.7కి పెరుగుతుంది, దాంతో రంగు మారుతుంది. వాడిపోయేటప్పుడు మళ్ళీ ఎర్రటి ఊదాకి తిరిగొస్తుంది.

వెలుగు బాగా వచ్చాక నల్ల తుమ్మెదలు దిగుతాయి. వాటికి ఎరుపు కనపడదు, నీలం, ఊదా బాగా కనపడతాయి. వంగపువ్వు మీద వాలినప్పుడు శబ్దం వినండి, ఎగిరేటప్పుడు ఉండే ఝుంకారం ఒక్కసారి సన్నగా, పైస్థాయికి మారుతుంది. అది కేసరాన్ని పట్టుకుని ఒళ్ళంతా వణికించి పుప్పొడి రాలుస్తోందన్నమాట, వంగపువ్వు కేసరాల్లో పుప్పొడి కొసన ఉన్న చిన్న కన్నాల్లోంచే బయటికొస్తుంది, అలా వణికిస్తేనే రాలేది.

ఫొటో

ఫోన్‌తో తీసిన ఊదా పువ్వు నీలంగా వచ్చిందని చాలామంది బాధ, అది మీ తప్పు కాదు, కెమెరా సెన్సర్లు ఊదాని మన కన్నులా పట్టుకోవు, పైగా వెలుగుని బట్టి ఫొటో రంగుల్ని సర్దే ఆటో వైట్ బ్యాలెన్స్ తన ఇష్టమొచ్చినట్టు మార్చేస్తుంది. ప్రో మోడ్‌కి వెళ్ళి వైట్ బ్యాలెన్స్ 5500 కెల్విన్ దగ్గర పెట్టి పొద్దున్నంతా దాన్ని ముట్టుకోకండి. అప్పుడే పొద్దు రాకముందు నీలం, వచ్చాక గులాబీ, ఆ మార్పు ఫొటోల్లో నిజంగా కనిపిస్తుంది. ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించండి, మైనస్ 0.3 నుంచి 0.7 దాకా, ఎండ తగిలిన ఊదా రేకులో వివరాలు ముందుగా పోతాయి. హెచ్‌డీఆర్ ఆపెయ్యండి, నీడలన్నీ లేపి ఆ మసకని చంపేస్తుంది. రా (RAW) ఫైల్, అంటే ఫోన్ ఏమీ సర్దకుండా దాచే ఫొటో, తీసే వీలుంటే అదే తియ్యండి, తర్వాత ఎడిటింగ్‌లో పర్పుల్, బ్లూ హ్యూ స్లైడర్లు కొంచెం మెజెంటా వైపు జరిపితే కంటికి కనిపించిన రంగుకి దగ్గరగా వస్తుంది. పొద్దునే ఒక పువ్వు కోసి పక్కన పెట్టుకుని, దాన్ని చూస్తూ అప్పటికప్పుడే సరిచేసుకోండి, రాత్రికి కూర్చుంటే రంగు గుర్తుండదు.

పొద్దు వచ్చాక పువ్వుని సూర్యుడికీ మీకూ మధ్య పెట్టి, సూర్యుడు నేరుగా లెన్స్‌లో పడకుండా ఒక ఆకు వెనక దాచి తియ్యండి. మార్నింగ్ గ్లోరీలో మధ్యనుంచి ఐదు వైపులకి పోయే నక్షత్రం గీతలు అప్పుడే వెలుగుతాయి. ముందు వైపు మరీ చీకటైతే ఒక తెల్ల థర్మోకోల్ ముక్క పట్టుకోండి. మంచు కోసం స్ప్రే కొట్టి తీసేవాళ్ళున్నారు, దగ్గరగా చూస్తే ఇట్టే తెలిసిపోతుంది, అసలు మంచు సన్నగా, రేకంతా పరుచుకుని ఉంటుంది, స్ప్రే చుక్కలు చిన్నాపెద్దా కలిసి అడ్డదిడ్డంగా ఉంటాయి.

సూర్యుడు పిట్టగోడ దాటి పైకొచ్చాక ఫోన్ లోపల పెట్టేసి పూలు కోసుకోండి. డిసెంబరాలు ఎండ తగలకముందు కోసినవే మాలకి నిలుస్తాయి, తడి గుడ్డలో చుట్టిపెట్టండి. సగమే కొయ్యండి, మిగతా సగం తుమ్మెదలకి ఉండనివ్వండి. శంఖుపూలు ఐదారు తెచ్చి గాజు గ్లాసులో వేసి వేడినీళ్ళు పొయ్యండి, రెండు మూడు నిమిషాల్లో నీళ్ళు ముదురు నీలం అవుతాయి. ఆ గ్లాసుని మళ్ళీ మేడ మీదకి తీసుకెళ్ళి, తూర్పు పిట్టగోడ మీద వెలుగుకి అడ్డంగా పెట్టి, అప్పుడు ఒక్క నిమ్మచుక్క వెయ్యండి. చుక్క పడ్డ చోటునుంచి ఊదా కిందికి దిగుతుంది.